మూడేళ్ల గ్యాప్‌కి డెబ్బై వేలు

ప్రశ్న: మేడమ్, నాకు 30 ఏళ్లు. మాది జనగామ దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో అప్లికేషన్ సపోర్ట్‌లో నాలుగేళ్లు చేశాను. 2022లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే రాజీనామా చేసి కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకున్నాను. మొదటి ప్రిలిమ్స్‌లో మెయిన్స్‌కి క్వాలిఫై అయ్యాను, కానీ అది రద్దయింది. 2023 జూన్‌లో డబ్బుల్లేక ఒక ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలో చేరి నాలుగు నెలలు చేసి, గ్రూప్-2 దగ్గర పడిందని చెప్పాపెట్టకుండా మానేశాను. చివరికి ఏదీ రాలేదు. ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగాలకు అప్లై చేస్తుంటే, మూడేళ్ల గ్యాప్ అనగానే "మళ్లీ కాల్ చేస్తాం" అని పెట్టేస్తున్నారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 70 వేలు ఇస్తే మూడేళ్లకూ ఎక్స్‌పీరియన్స్ పెడతామంటున్నారు, పీఎఫ్‌తో సహా. మా బావ "అందరూ పెట్టేదే, నువ్వొక్కడివే హరిశ్చంద్రుడివా" అంటాడు. 10 వేలు అడ్వాన్స్ ఇచ్చాను, కానీ నిద్ర పట్టడం లేదు. మధ్యలో కొన్ని నెలలు మనసు బాగాలేక డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. అదీ చెప్పాలా? ఉద్యోగం వస్తే చేస్తూనే మళ్లీ గ్రూప్స్ రాయాలని ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: ముందు మీ బావగారి సంగతి చూద్దాం. అందరూ పెట్టేదే అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఈ బేరం ఎప్పటినుంచో ఉంది. కోర్సు నేర్పే చోటే, పక్క గదిలో ఎక్స్‌పీరియన్స్ కూడా అమ్మేవాళ్లున్నారు. అలా చేరి ఇవాళ మంచి హోదాల్లో ఉన్నవాళ్లనూ నేను ఎరుగుదును. అయితే వాళ్లలో చాలామంది చేరిన రోజులు వేరు. అప్పట్లో ఒక్కో కంపెనీలో ఒక్కో పీఎఫ్ నంబరు ఉండేది, ఒకదానికీ ఇంకోదానికీ ముడి ఉండేది కాదు. వెరిఫికేషన్ అంటే లెటర్‌హెడ్ మీదున్న నంబరుకి ఫోన్ చేయడం. అవతల ఎత్తేది కన్సల్టెన్సీ మనిషే.

2014లో యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చాక లెక్క మారింది. మీరు ఎన్ని కంపెనీలు మారినా ఒకటే నంబరు, దాని కింద సర్వీస్ హిస్టరీలో ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో వరసగా ఉంటాయి. ఇప్పుడు వెరిఫికేషన్ చేసే ఏజెన్సీలు మీ అనుమతి తీసుకుని ముందు చూసేది దాన్నే. తర్వాత మీ పేరున కట్ అయిన పన్ను చూపించే ఫారం 26ఏఎస్, అవసరమైతే బ్యాంక్ స్టేట్‌మెంట్. మూడూ ఒకే కథ చెప్పాలి.

"పీఎఫ్ కూడా చూపిస్తాం" అని వాళ్లు ధీమాగా అంటున్నది ఇక్కడే. పేరుకో కంపెనీ ఉంటుంది, అందులో మిమ్మల్ని ఉద్యోగిగా ఎక్కించి, మీ డబ్బుతోనే మీ పీఎఫ్ కడతారు. సరే, ఇవాళ్టి నుంచి కట్టారనుకుందాం. గడిచిపోయిన మూడేళ్లకి ఎలా కడతారు? పీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. ప్రతి వరసలో జీతం ఏ నెలదో ఒకచోట, ఆ డబ్బు జమైన తేదీ ఇంకోచోట ఉంటాయి. 2023 మార్చి జీతం తాలూకు పీఎఫ్, 2023 ఏప్రిల్ తాలూకు పీఎఫ్, ఆ తర్వాతవీ అన్నీ ఒకే వారంలో జమైతే, చూసేవాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. దానికి తోడు మీ విషయంలో ఇంకో చిక్కుంది. 2023 జూన్ నుంచి అక్టోబర్ దాకా మీరు ఎడ్‌టెక్‌లో ఉన్నట్టు అదే హిస్టరీలో ఉండే అవకాశం ఉంది. అదే నెలల్లో ఇంకో కంపెనీలోనూ ఉన్నట్టు చూపిస్తే, గ్యాప్ దాచబోయి రెండు చోట్ల జీతం తీసుకున్నవాడిగా దొరుకుతారు.

పైగా పెద్ద కంపెనీల దగ్గర ఇలాంటి కాగితపు కంపెనీల జాబితాలుంటాయి. ఒక పేరు ఒకసారి అనుమానంలో పడితే, ఆ పేరుతో అంతకుముందు చేరినవాళ్లందరి ఫైళ్లూ మళ్లీ తెరుస్తారు. అంటే చేరేరోజు గట్టెక్కినా, ఏడాది తర్వాత ఇంకెవరో దొరికినప్పుడు మీరూ దొరుకుతారు. 2022 నవంబర్‌లో యాక్సెంచర్ ఇండియా, లేని కంపెనీల పేరుతో ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పెట్టినవాళ్లను తీసేశామని బహిరంగంగానే చెప్పింది. అలా తీసేసినవాడికి ఆ కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వదు. అప్పుడు పాత గ్యాప్‌కి కొత్త గ్యాప్ తోడవుతుంది, ఈసారి కారణం నోటితో చెప్పుకోలేనిది. కన్సల్టెన్సీ వాడికి చాలాసార్లు ఏమీ కాదు. బోర్డు మార్చి పక్క సందులో కూర్చుంటాడు.

ఇదంతా దాటేశారనుకున్నా ఇంటర్వ్యూ ఉంటుంది. సపోర్ట్ ఉద్యోగానికి మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు నేను కూర్చోబెట్టి అడిగేది ఒకే తరహా ప్రశ్న: "ఈమధ్య మీకు వచ్చిన పెద్ద ప్రొడక్షన్ ఇష్యూ ఏంటి? రాత్రి ఎన్నింటికి ఫోన్ వచ్చింది? ఎవరిని లేపారు?" నిజంగా చేసినవాడు ఆ రాత్రి తిట్టుకున్న సంగతి కూడా చెబుతాడు. కన్సల్టెన్సీ ఇచ్చిన ప్రాజెక్ట్ బట్టీ పట్టినవాడు ఆర్కిటెక్చర్ బొమ్మ గీస్తాడు. తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మీకు నాలుగేళ్ల నిజం అనుభవం ఉంది. దాన్ని వదిలేసి లేని మూడేళ్ల గురించి మాట్లాడటం మీకే నష్టం.

నీతి సంగతి నేను ఎత్తడం లేదు. అది మీ నిద్ర చూసుకుంటోంది.

ఇప్పుడు మీ గ్యాప్ దగ్గరికి వద్దాం. మీరు దాన్ని దాచుకోవాల్సిన మచ్చలా రాశారు. నాకలా కనిపించడం లేదు. తెలంగాణలో ఇంత బహిరంగంగా జరిగిన గ్యాప్ ఇంకోటి లేదు. 2022 మార్చిలో అసెంబ్లీలో 80,039 ఉద్యోగాల ప్రకటన. ఏప్రిల్‌లో 503 పోస్టులతో, రాష్ట్రం వచ్చాక మొట్టమొదటి గ్రూప్-1. అక్టోబర్‌లో ప్రిలిమ్స్. 2023 జనవరిలో మెయిన్స్‌కి ఎంపికైన 25,050 మంది జాబితాలో మీ నంబరు. మార్చిలో పేపర్ లీక్ బయటపడి, రద్దు. జూన్ 11న మళ్లీ ప్రిలిమ్స్. సెప్టెంబర్‌లో బయోమెట్రిక్ తీసుకోలేదని దాన్ని హైకోర్టు రద్దు చేసింది. గ్రూప్-2 అయితే 2023 ఆగస్టు నుంచి నవంబర్‌కి, అక్కడి నుంచి జనవరికి, మళ్లీ ఆగస్టుకి, చివరికి 2024 డిసెంబర్‌కి జరిగింది. ఇవన్నీ పేపర్ల మొదటి పేజీల్లో వచ్చినవే. హైదరాబాద్‌లో మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే మనిషి తమ్ముడో, మరదలో, గదిలో తనతో ఉన్నవాడో ఆ గుంపులో ఉండే ఉంటాడు. మీ దగ్గర హాల్‌టికెట్లు ఉన్నాయి, మార్కుల మెమోలు ఉన్నాయి. ఇంతకన్నా రుజువున్న గ్యాప్ నేను తక్కువ చూశాను.

మరి ఫోన్లు ఎందుకు పెట్టేస్తున్నారు? కొన్ని కంపెనీలు ఏడాదో రెండేళ్లో దాటిన గ్యాప్‌ని కనీసం చదవకుండానే పక్కన పెట్టమని రిక్రూటర్లకు చెబుతాయి. ఈ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే చాలాచోట్ల జవాబుండదు. నా వృత్తిలో నాకు బొత్తిగా నచ్చని అలవాట్లలో ఇదొకటి. ఆ తలుపుల్ని మీరు నిజంతో తెరవలేరు. ఉన్న మాట ముందే చెబుతున్నాను. కానీ మిగతా చోట్ల, అంటే చిన్న, మధ్యతరహా కంపెనీల్లో మేనేజరు స్వయంగా రెజ్యూమె చూసే దగ్గర, వాళ్ల భయం గ్యాప్ గురించి కాదు. నోటిఫికేషన్ గురించి. "ఇతన్ని తీసుకుని మూడు నెలలు నేర్పాక మళ్లీ గ్రూప్-1 పడితే? మళ్లీ అశోక్‌నగర్ వెళ్లిపోతే?" 2024 నోటిఫికేషన్‌లో గ్రూప్-1 గరిష్ఠ వయసు 46 అని వాళ్లకీ తెలుసు. ఇంకా పదహారేళ్లు మీరు రాయొచ్చు.

మీరు నన్ను అడగాల్సింది ఇది. మీ ఉత్తరంలో చిట్టచివర్లో పెట్టారు. మూడేళ్లు ఏం చేశారన్నది చెప్పడం తేలిక. ఇకముందు ఏం చేయబోతున్నారన్నదే కష్టం. చాలామంది ఇంటర్వ్యూలో "గ్రూప్స్ వదిలేశాను సార్, ఇంక ఆ ఊసే లేదు" అని ఒట్టేస్తారు, బ్యాగులో కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉంటుంది. ఇదీ ఫేక్ ఎక్స్‌పీరియన్సే, రాబోయే రోజుల తేదీ వేసింది.

కాబట్టి అప్లై చేసేముందు ఒక సాయంత్రం మీకు మీరు తేల్చుకోండి. మళ్లీ నోటిఫికేషన్ పడితే రాజీనామా చేస్తారా? "చేయను, ఉద్యోగం చేస్తూనే రాస్తా" అన్నది నిజమైతే, అదే చెప్పండి. ఇలాగనుకోండి: "2022లో ఉద్యోగం మానేసి గ్రూప్-1కి చదివాను. ఒకసారి మెయిన్స్‌కి అర్హత వచ్చింది, ఆ పరీక్ష రద్దయింది. తర్వాత రాసినవి రాలేదు. మళ్లీ ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి ఇంట్లో లేదు, నాకూ ఆ ఉద్దేశం లేదు. ఎప్పుడైనా పరీక్ష రాస్తే సెలవు పెట్టి రాస్తాను." అరనిమిషం మాట. దీనికి కొందరు వద్దంటారు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర మీరు ఆదివారం మాక్ టెస్ట్ దొంగచాటుగా రాయాల్సిన పని ఉండదు. మళ్లీ మానేస్తాననే అనిపిస్తే, శాశ్వత ఉద్యోగాల జోలికి పోకుండా కాంట్రాక్టు పనులు చూసుకోండి. ఆరునెలలకో ఏడాదికో ఒప్పందం, ఇద్దరికీ ముందే తెలిసిన గడువు. నష్టం లేదు.

జవాబు చెప్పేటప్పుడు కమిషన్‌ని, ప్రభుత్వాన్ని తిట్టడం మొదలుపెట్టకండి. మీకు కోపం ఉండటం న్యాయమే. కానీ ఇంటర్వ్యూలో ఆ కోపం పది నిమిషాలు తినేస్తే, మీ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) గురించి అడిగే టైం మిగలదు.

రెజ్యూమెలో ఈ కాలానికి ఒకే ఎంట్రీ చాలు. ఉద్యోగాల వరసలోనే, తేదీలతో: "2022 – 2025: పోటీ పరీక్షల సన్నద్ధత, టీజీపీఎస్సీ గ్రూప్-1, గ్రూప్-2". దాని కింద, "2022 గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో మెయిన్స్‌కి అర్హత (పరీక్ష తర్వాత రద్దయింది)". బ్రాకెట్‌లో ఉన్నది తప్పకుండా ఉండాలి. అది లేకుండా రాస్తే, కొత్త నోటిఫికేషన్ కింద 2024లో జరిగిన మెయిన్స్ రాసినట్టు చదువుకుంటారు, తర్వాత తెలిస్తే మిగతా రెజ్యూమె మీద కూడా అనుమానం వస్తుంది. నెలలు తీసేసి ఏళ్లు మాత్రమే రాసి గ్యాప్‌ని కుదించే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. వెరిఫికేషన్ ఫారం తేదీ, నెలతో సహా అడుగుతుంది, అక్కడ రెండూ పక్కపక్కన పెడతారు. "ఫ్రీలాన్సర్" అని రాయడం ఇంకో చిట్కా. డబ్బు తీసుకుని ఎవరికైనా పని చేసిపెట్టి ఉంటే నిక్షేపంగా రాయండి. లేకపోతే "క్లయింట్ ఎవరు?" అన్న ఒక్క ప్రశ్నకి ఆగిపోతారు. లింక్డ్‌ఇన్‌లో అయితే కెరీర్ బ్రేక్ అని విడిగా పెట్టుకునే వీలు 2022 నుంచే ఉంది, వాడుకోండి.

ఇక ఎడ్‌టెక్ నాలుగు నెలలు. నిజం చెప్పాలంటే మీ ఫైల్లో నన్ను కాస్త కంగారు పెట్టింది మూడేళ్ల గ్యాప్ కాదు, ఇదే. చెప్పకుండా మానేయడం అంటే వాళ్ల రికార్డులో మీరు "ఆబ్స్‌కాండింగ్". గ్రూప్-2 నవంబర్‌లో ఉందని మీరు మానేశారు, అక్టోబర్‌లోనే అది వాయిదా పడింది. ఏంచేస్తాం. దాచాలనిపిస్తుంది, నాలుగు నెలలే కదా అని. మీ జీతంలో పీఎఫ్ కట్ అయి ఉంటే అది దాగదు. అయినా రెజ్యూమె ఒకటి, వెరిఫికేషన్ ఫారం ఒకటి. రెజ్యూమెలో చిన్న ఉద్యోగాన్ని రాయకపోవడం మీ ఇష్టం, తప్పేం లేదు. కానీ ఆఫర్ దశలో వచ్చే ఫారంలో "ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాలన్నీ" అని అడిగి, కింద "పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని సంతకం తీసుకుంటారు. అక్కడ వదిలేస్తే అది దాచడమే అవుతుంది. నన్నడిగితే రెజ్యూమెలోనూ పెట్టేయండి. చదువుతూ చదువుతూ కూడా నాలుగు నెలలు పని చేసుకున్నాడన్నది మీకు అనుకూలమైన విషయమే.

దానికి ముందు రెండు పనులు చేయండి. ఆ కంపెనీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. క్షమాపణ రెండు లైన్లు చాలు. "2023 అక్టోబర్‌లో నోటీసు పూర్తి చేయకుండా వచ్చేశాను. నోటీసు కాలానికి కట్టాల్సింది ఏమైనా ఉంటే చెప్పండి, కట్టి రిలీవింగ్ లెటర్ తీసుకుంటాను" అని. కొన్ని కంపెనీలు డబ్బు కట్టించుకుని ఇస్తాయి, కొన్ని ఉత్తి సర్వీస్ సర్టిఫికెట్ ఇస్తాయి, కొన్ని పలకవు. పలకకపోయినా ఆ మెయిల్ మీ దగ్గర ఉంటుంది. రిక్రూటర్‌తో "రిలీవింగ్ లేదు, ఆఫర్ లెటరూ పేస్లిప్పులూ ఉన్నాయి, అడిగిన మెయిల్ ఇదిగో" అని మీరే ముందు చెబితే, చాలామంది దాటేస్తారు. వెరిఫికేషన్ ఏజెన్సీ చెబితే దాటేయరు.

రెండోది, పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో ఆ కంపెనీ ఎదురుగా మానేసిన తేదీ ఉందో లేదో చూడండి. చెప్పకుండా పోయినవాళ్లకి చాలా కంపెనీలు అది వేయవు. ఖాళీగా ఉంటే మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు లెక్క, కొత్త కంపెనీకి అదో తలనొప్పి. ఇప్పుడు ఉద్యోగే దాన్ని వేసుకోవచ్చు. మేనేజ్ అన్నదాని కింద మార్క్ ఎగ్జిట్ ఉంటుంది, ఆధార్‌కి ముడిపెట్టిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఉద్యోగం మానేసి రెండు నెలలు దాటి ఉండాలి, మీకు ఎప్పుడో దాటింది. తేదీ మాత్రం చివరి పీఎఫ్ జమ ఏ నెలకో ఆ నెలలోనే ఉండాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లిన సంగతి ఇంటర్వ్యూలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మూడేళ్లూ చదివారు, అది నిజం. అందులో కొన్ని నెలలు ఎలా గడిచాయన్నది మీ సొంత విషయం. నిజాయితీ అంటే గుండె కోసి బల్ల మీద పెట్టడం అనుకునేవాళ్లున్నారు, మీరు ఆ దారి పట్టకండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే మీకిచ్చింది. ఎక్కడైనా మెడికల్ ఫారంలో సూటిగా అడిగితే అప్పుడు అబద్ధం రాయకుండా డాక్టర్‌ని అడిగి నింపండి. అంతే. అన్నట్టు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం మీరు చేసిన మంచి పని. పరీక్ష రద్దయిన వారాల్లో ఆ గదుల్లో ఎంతమంది ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయారో నాకు కొంత తెలుసు.

ఉద్యోగం ఎక్కడ వెతకాలి? జాబ్ పోర్టల్స్‌లో రోజుకి యాభై అప్లికేషన్లు కొట్టడం ఆపండి. మొదట మీ పాత కంపెనీ. అక్కడ పద్ధతిగా రాజీనామా చేసి, రిలీవింగ్ తీసుకునే వచ్చారు కదా. మానేసినవాళ్లను మళ్లీ తీసుకునే పద్ధతి చాలా ఐటీ కంపెనీల్లో ఉంది. అక్కడ మీ గ్యాప్ కన్నా మీ నాలుగేళ్ల రేటింగులు ముందు కనిపిస్తాయి. అప్పటి టీమ్ లీడ్‌కి మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. మీ ఉత్తరంలో పాతవాళ్లెవరి ఊసూ లేదంటే, మొహం చెల్లక మాట్లాడటం మానేశారని నా అనుమానం. ఆయన వేరే కంపెనీకి మారి ఉంటే ఇంకా మంచిది, రెండు తలుపులు. రిఫరల్‌తో వెళ్లిన రెజ్యూమెని మనిషి చదువుతాడు.

జీతం విషయంలో ఆశ తగ్గించుకోండి. 2022లో ఎంత వచ్చేదో అంతే రావచ్చు, కాస్త తక్కువా రావచ్చు. మీతో చేరినవాళ్లు ఇప్పుడు రెట్టింపు తీసుకుంటుంటారు, అది బాధగానే ఉంటుంది. "ప్రస్తుత సీటీసీ" (ఏడాది మొత్తం జీతం) అన్న గడిలో ఊహించి అంకె వేయకండి. ప్రస్తుతం పని చేయడం లేదని, చివరగా తీసుకున్నది ఇంత అని, ఏ ఏడాదో రాయండి. పేస్లిప్పులు ఎలాగూ అడుగుతారు.

కన్సల్టెన్సీకి ఇవ్వాలనుకున్న మిగతా 60 వేలలో కొంత పెట్టి, అదే అమీర్‌పేటలో నిజంగా ఏదైనా నేర్చుకోండి. ఎస్‌క్యూఎల్, లినక్స్ మళ్లీ చేతికి తెచ్చుకోండి, సపోర్ట్‌లో ఇప్పుడు క్లౌడ్ తెలియకుండా కష్టం, దాని ప్రాథమిక సర్టిఫికేషన్ ఒకటి రాయండి. తేదీ ఉన్న సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉంటే "ఇప్పుడు టచ్‌లో ఉన్నారా?" అన్న ప్రశ్నకి అదే జవాబు. మూడేళ్లు రోజుకి పది గంటలు కూర్చుని చదివిన మనిషికి రెండు నెలల సిలబస్ ఒక లెక్క కాదు.

ఇచ్చిన 10 వేలు వస్తాయని నేను అనుకోను. అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి, ఆ 10 వేల కోసం మిగతా 60 వేలు పోగొట్టుకోకండి. బావగారికి నచ్చకపోవచ్చు. నా పేరు చెప్పండి, నన్ను తిట్టుకుంటారు.

ఒక్క సంగతి మాత్రం రేపటిదాకా ఆపకండి. అడ్వాన్స్ ఇచ్చినప్పుడు వాళ్లు మీ ఆధార్, పాన్, యూఏఎన్ తీసుకున్నారా? దాదాపు తీసుకునే ఉంటారు. మీరు సరే అనకముందే కాగితపు కంపెనీలో పేరు ఎక్కించేసే ఘనులున్నారు. ఈ రాత్రే మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి, సర్వీస్ హిస్టరీ తెరవండి. అందులో రెండు కంపెనీలే ఉండాలి, పాత ఐటీ కంపెనీ, ఎడ్‌టెక్. పీఎఫ్ కట్ కాకపోయి ఉంటే ఎడ్‌టెక్ కూడా ఉండదు. మీరు ఎన్నడూ పేరు వినని మూడోది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని, ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో "ఈ సంస్థలో నేను ఎప్పుడూ పని చేయలేదు" అని ఫిర్యాదు పెట్టండి. నమోదు నంబరు వస్తుంది, దాన్ని దాచుకోండి. ఆ ఫిర్యాదు మీరు ఏ ఉద్యోగానికీ అప్లై చేయకముందే పెట్టి ఉండాలి.